జబ్బు మొక్కే దాని పురిటిల్లు

(విజయవాడలో మిద్దెతోటలు పెంచుకునేవాళ్ళ ఆదివారం సమావేశంలో ఒక విశ్రాంత వ్యవసాయ అధికారి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకదాకా వినిపిస్తోందా? ఆ ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. సరే.

తామర పురుగుల గురించి మాట్లాడమన్నారు. ఈ మాటే మా వీధిలో ఒకావిడతో అంటే, "తామరకి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి గాని మీరేం చెప్తారండీ" అంది. ఆ తామర కాదమ్మా, మొక్కలకొచ్చే తామర. ఇంగ్లీషులో త్రిప్స్ అంటారు. ఒకటున్నా త్రిప్సే, లక్షున్నా త్రిప్సే, ఆ భాషలో దీనికి ఏకవచనం లేదు. ఉండక్కర్లేదు కూడా. నా సర్వీసులో ఇది ఒంటరిగా కనబడ్డ రోజు ఒక్కటీ లేదు.

ఇదిగో, తెల్ల కాగితం. ఇది మిరప పువ్వు. ప్రత్తిపాడు దగ్గర మా బావమరిది కొడుకు చేలో పొద్దున్నే కోసి, డబ్బాలో పెట్టి తెచ్చాను. ముందు వరసలో వాళ్ళు కాస్త దగ్గరికి రండి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు పెట్టుకోండి. ఇప్పుడు పువ్వును కాగితం మీద రెండుసార్లు ఇలా తడతాను. ఏం పడ్డాయి? పుప్పొడి అన్నారు. పుప్పొడి నడుస్తుందా అమ్మా? కాసేపు ఊపిరి బిగపట్టి చూడండి. అదుగో, ఆ నల్ల గీత కదిలింది. పెన్సిలు ములుకు విరిగి పడితే ఎలా ఉంటుందో అంతే ఉంది. మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర. పక్కన లేత పసుపు రంగులో ఇంకా సన్నగా రెండున్నాయి చూశారా? అవి పిల్లలు. ఆ పిల్లల్ని గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ పిల్లల గురించే.

ముందు ఇది ఎలా తింటుందో చెప్పాలి. దీనికి ఒక్కటే పన్ను. ఎగతాళి కాదండీ, నిజంగానే. మిగతా చాలా పురుగులకు కుడి ఎడమ రెండు దవడలుంటాయి. దీనికి కుడి దవడ గుడ్డులో ఉండగానే కరిగిపోతుంది, ఎడమది మాత్రమే మిగులుతుంది. ఆ ఒంటి పన్నుతో ఆకు పైపొరకు చిల్లు పెడుతుంది, ఆ చిల్లులో సన్నటి గొట్టం దూర్చి కణంలో రసం పీల్చేస్తుంది. కొబ్బరి బోండానికి చిల్లు పెట్టి స్ట్రా వేసినట్టు. రసం పోయిన కణంలో గాలి చేరుతుంది. అందుకే త్రిప్స్ పట్టిన ఆకును ఎండకు వంచి చూస్తే వెండిపూత పూసినట్టు మెరుస్తుంది, దాని మీద నల్లటి చుక్కలుంటాయి. ఆ చుక్కలు దాని మలం. ఉల్లికాడల మీద తెల్లటి చారలు మీరందరూ చూసే ఉంటారు. గులాబీ మొగ్గ విచ్చకుండానే అంచులు మాడినట్టు అవడం కూడా ఎక్కువగా దీని పనే.

మిరపలో అయితే లేత ఆకును గీకేస్తుంది కాబట్టి ఆకు పెరుగుతూ పెరుగుతూ అంచులు పైకి లేచి దోనెలా అవుతుంది. గుంటూరు జిల్లాలో ఏ రైతునడిగినా పై ముడత అంటాడు. అంచులు కిందికి ముడుచుకుని, ఆకు తిరగేసిన పడవలా ఉండి, కాడ సాగితే అది కింది ముడత, తెల్లనల్లి పని. నల్లికి ఒక మందు, తామరకు ఇంకో మందు. ముడత అనే ఒక్క మాట పట్టుకుని షాపుకు వెళ్తే ఏ మందిస్తాడో మీ అదృష్టం.

ఇప్పటిదాకా చెప్పింది తిండి సంగతి. తిండి వరకే అయితే నేనింత దూరం వచ్చేవాణ్ణి కాదు. అసలు గొడవ ఎక్కడంటే, ఇది తింటూ తింటూ వైరస్‌ను అంటిస్తుంది.

ప్రపంచంలో 6,000కు పైగా తామర పురుగుల రకాలున్నాయి. చాలావాటి జోలికి మనం పోనక్కర్లేదు. బూజు తినేవి ఉన్నాయి, సాటి పురుగుల్ని తిని మనకు మేలు చేసేవీ ఉన్నాయి. టోస్పో అనే కుటుంబం వైరస్‌లను మోసేవి సుమారు 15 రకాలు, అంతే. ఆ కొన్ని చాలు కొంప ముంచడానికి. 1915లో ఆస్ట్రేలియాలో టమాటా తోటలకు మచ్చలు పడి వాడిపోయే జబ్బొకటి వచ్చింది. అది త్రిప్స్ వల్ల పాకుతోందని 1927లో గాని తెలియలేదు. వైరస్ అని తేల్చేసరికి 1930. పదిహేనేళ్ళు పట్టింది చూడండి. ఎందుకు పట్టదు? పురుగేమో కంటికి ఆనదు, వైరస్ అసలే కనబడదు.

మన దగ్గర వేరుశనగలో మొవ్వుకుళ్ళు తెగులు పెద్దవాళ్ళకు తెలుసు. మొవ్వు నల్లబడి చచ్చిపోతుంది, పక్క కొమ్మలు గుబురుగా పొట్టిగా వస్తాయి. చాలాకాలం ఇది కూడా ఆ ఆస్ట్రేలియా వైరసే అనుకున్నారు. కాదు, ఇది వేరే వైరస్ అని 1992లో పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు తేల్చారు. ఇది వేరుశనగ దగ్గర ఆగిపోయేది కాదు. టమాటాకు వస్తుంది, మిరపకు వస్తుంది, మినుముకు, పెసరకు వస్తుంది. మినుములో అయితే తలమాడు అంటారు. మీ మిద్దె మీద టమాటా చిగురు ఇత్తడి రంగుకు తిరిగి, తర్వాత నల్లబడి, కాయ మీద ఒకదానిలో ఒకటి గుండ్రాలు గీసినట్టు మచ్చలొచ్చాయా? ఎంతమందికి వచ్చాయి? ఒకటి, రెండు, నాలుగు... చాలామందే ఉన్నారు. నీళ్ళు తక్కువయ్యాయనుకున్నారు కదూ? నా టమాటాకూ వచ్చింది, ఆ కథ తర్వాత చెప్తాను.

ఇప్పుడు పిల్లల దగ్గరికి వద్దాం. ఇది కాస్త జాగ్రత్తగా వినండి, ఇది అర్థమైతే మిగతాదంతా మీరే చెప్పుకోగలరు.

తల్లి త్రిప్స్ గుడ్డును ఆకు లోపల పెడుతుంది. ఆకు మీద కాదు, ఆకు కండలోకి కోసి దూరుస్తుంది. అందుకే గుడ్డుకు మందు తగలదు. మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది, రెండు దశలు తిని పెరుగుతుంది. తర్వాత చాలా రకాలు మట్టిలోకో ఎండుటాకుల్లోకో దిగి, ఏమీ తినకుండా పడుకుంటాయి. ఆ తర్వాత రెక్కలొస్తాయి. మన బెజవాడ ఎండలకు ఇదంతా రెండు మూడు వారాల్లో అయిపోతుంది. మగదానితో జత కట్టకపోయినా ఆడది గుడ్లు పెట్టగలదు, అది వేరే తలనొప్పి.

సరే, వైరస్ దీనికి ఎప్పుడు ఎక్కుతుంది? రెక్కలొచ్చిన పెద్ద పురుగు జబ్బు మొక్క మీద వాలి తింటే ఎక్కుతుందా? చాలామంది అవుననుకుంటారు. అంటించే శక్తి రాదండీ! పెద్ద పురుగు వారం రోజులు కూర్చుని తిన్నా, వైరస్ దాని పేగు దాటి లాలాజల గ్రంథుల దాకా చేరదు. పిల్లగా ఉన్నప్పుడు, అదీ పుట్టిన కొత్తలో తింటేనే చేరుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం కదా, ఇక్కడ సరిగ్గా అదే. పిల్లప్పుడు ఎక్కిన వైరస్ దాని ఒంట్లో పెరిగి, రెక్కలొచ్చాక కూడా ఉండి, చచ్చేదాకా వదలదు. అలాంటి పురుగు ఎగిరి పక్క మొక్క మీద వాలి కొన్ని నిమిషాలు గీకితే చాలు, అంటుకున్నట్టే.

మరి ఆ తల్లి గుడ్డు పెడితే గుడ్డుకు వైరస్ వస్తుందా? రాదు. ఒంటినిండా వైరస్ ఉన్న తల్లి కడుపున పుట్టినా పిల్ల శుభ్రంగా పుడుతుంది. అంటే ఏమైంది? ప్రతి తరం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. పుట్టిన చోటు జబ్బు మొక్క అయితేనే ఆ పిల్ల రేపు వైరస్ మోస్తుంది. మంచి మొక్క మీద పుడితే ఆకు ముడుస్తుంది, పువ్వు రాలుస్తుంది, అంతవరకే. కాబట్టి జబ్బు మొక్కే దాని పురిటిల్లు. ఆ మొక్కను తీసేశారా, వైరస్ దారి తెగుతుంది. ఉంచారా, రెండు మూడు వారాలకొకసారి అక్కణ్ణుంచి కొత్త బ్యాచ్ బయల్దేరుతుంది.

నేను ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను. రైతులకు మందుల పేర్లు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. మొక్క పీకండి అని ఎన్నిసార్లు చెప్పానంటే, సిగ్గుగానే ఉంది, తక్కువ. పీకమంటే రైతుకు నచ్చదు. మందు రాస్తే చీటీ జేబులో పెట్టుకుని దండం పెట్టి వెళ్తాడు. మనకూ అదే సుఖంగా ఉండేది.

మందు ఎందుకు చాలదో చూడండి. బయటి నుంచి వైరస్‌తో వచ్చి వాలిన పురుగు నిమిషాల్లో అంటించేస్తుంది. మీ మందు తగిలి అది చచ్చేసరికి గంటలు. పురుగు చస్తుంది, మొక్కా పోతుంది. ఇక మొక్కలోకి చేరిన వైరస్‌కు మందు లేదు, ఎవరి దగ్గరా లేదు. వైరస్‌కు మందని సీసా చూపించి ఎవరైనా అమ్మితే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

మా బావమరిది కొడుకు సంగతి చెప్తానన్నాను కదా. చెప్పలేదా? సరే, ఇప్పుడు చెప్తాను. 2021 చివర్లో, మిరప నిండా పూత మీదుంది. ఒక రాత్రి ఫోను చేశాడు. "మావయ్యా, పూలల్లో నల్లగా ఏవో ఉన్నాయి, ముట్టుకుంటే పువ్వు రాలిపోతోంది" అన్నాడు. మన పాత తామర పురుగు లేత పసుపు రంగులో ఉంటుంది, ఆకుల్లో చిగుళ్ళలో ఉంటుంది. ఇది నల్లది, పువ్వులో కాపురం. పొద్దున్నే వెళ్ళి ఒక్క పువ్వు విప్పాను. వేలికొస మీదికి గుంపుగా పాకాయి. పది, పదిహేను దాకా లెక్కపెట్టి మానేశాను. పూరేకులు గోధుమరంగు తిరిగి ఉన్నాయి, లోపల పిందె వంకర పోయి ఉంది. ఆగ్నేయాసియా వైపు పురుగది. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మొదట కనబడింది, ఆరేళ్ళకు మన మిరప చేలల్లో దిగింది. గుంటూరు, ప్రకాశం, కృష్ణా, అటు ఖమ్మం, వరంగల్ దాకా ఆ ఏడు చేలకు చేలే పోయాయి. ట్రాక్టరు పెట్టి దున్నేసినవాళ్ళు నాకు తెలుసు.

వీడు ఏం చేశాడంటే, నేను వెళ్ళేలోపే ఒక షాపులో అడిగి ఘాటైన మందొకటి తెచ్చి కొట్టేశాడు. సింథటిక్ పైరిత్రాయిడ్. రెండు రోజులు బాగున్నట్టే ఉంది. వారానికి మొదటికంటే ఎక్కువయ్యాయి. మళ్ళీ కొట్టాడు. ఇంకా ఎక్కువయ్యాయి. ఎందుకు? పువ్వు లోపల దాక్కున్నదానికి మందు సరిగా అందలేదు. బయట తిరుగుతూ వాటిని పట్టి తినే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్ళు మాత్రం చచ్చాయి. ఇంట్లో దొంగలు పడ్డారని కుక్కను కొట్టినట్టయింది. ఆ సీజనులో వాడు ఎన్నిసార్లు కొట్టాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. కౌలు, కూలీ, మందులు అంతా అప్పే. యార్డుకు వెళ్ళిన బస్తాలు మాత్రం ఒక ఆటోలో పట్టాయి.

ఒక్క మాట మాత్రం నిజాయితీగా చెప్పాలి. ఈ నల్లదాని ముఖ్యమైన నష్టం పువ్వును తినేయడమే. మిరపలో వచ్చిన ప్రతి ముడతకూ ఇదే వైరస్ తెచ్చిందని నింద వెయ్యకండి. జెమిని వైరస్, అదే బొబ్బర, దాన్ని తెచ్చేది తెల్లదోమ. మొజాయిక్ తెచ్చేది పేనుబంక. ఎవరి నేరం వాళ్ళదే.

పుప్పొడి అన్నారు కదా ఇందాక ఒకాయన? ఆ మాటకు ఇంకో పెద్ద కథ ఉంది. 2000వ సంవత్సరం, అనంతపురం జిల్లా. వేరుశనగ ఉన్నట్టుండి కాండం నల్లబడి నిలువునా చచ్చింది. ఒకటీ రెండూ కాదు, 2 లక్షల హెక్టార్లకు పైన. మొవ్వుకుళ్ళే అనుకున్నారు మొదట. తీరా చూస్తే పొగాకు స్ట్రీక్ అనే వేరే వైరస్. ఇది త్రిప్స్ ఒంట్లో పెరగదు. మరెక్కడుంది? వయ్యారిభామ పుప్పొడిలో! గట్ల మీద, రోడ్ల పక్కన తెల్లగా పూసే ఆ కలుపు మొక్కే. దానికి వైరస్ ఉన్నా పైకి జబ్బు కనబడదు, పచ్చగా నవ్వుతూ ఉంటుంది. దాని పువ్వుల్లో తిరిగిన త్రిప్స్ ఒంటి నిండా పుప్పొడి పూసుకుని చేలో వాలుతుంది, కొంత పుప్పొడి గాలికే వచ్చి పడుతుంది. ఆకు మీద పుప్పొడి ఉన్నచోట ఇది ఒంటి పన్నుతో గీకింది అనుకోండి, ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. ఇక్కడ పురుగు చేసింది తలుపు తీయడమే.

అక్కడా ముగిసింది ఎక్కడ? మొక్క దగ్గరే. పూత రాకముందే వయ్యారిభామను పీకెయ్యాలి. చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో దగ్గర దగ్గరగా వెయ్యాలి. త్రిప్స్ గొప్పగా ఎగరలేదండీ, దాని రెక్కలు రెక్కల్లా ఉండవు, పుల్లకు వెంట్రుకలు అతికించినట్టు ఉంటాయి. గాలి ఎటు తోస్తే అటు. అందుకే అడ్డంగా జొన్న ఉంటే చాలావరకు అక్కడే ఆగుతుంది.

మిద్దె మీదకు వద్దాం, టైము చూస్తున్నారు నిర్వాహకులు.

నా టమాటా కథ. మూడేళ్ళ కిందట మా మిద్దె మీద ఎనిమిది కుండీలు. ఒకదానికి చిగురు ఇత్తడి రంగు తిరిగింది. నాకు తెలుసు అదేమిటో. తెలిసీ, దానికి మొదటి గుత్తి కాయ ఉందని, మనవరాలు రోజూ వచ్చి లెక్కపెట్టుకుంటోందని ఉంచాను. "నాలుగు రోజులు చూద్దాంలే" అనుకున్నాను. నెల తిరిగేసరికి ఐదు కుండీలు పోయాయి. ముప్పై ఏళ్ళ సర్వీసు! మా ఆవిడ ఇప్పటికీ ఎవరైనా నన్ను సలహా అడిగితే ఆ కుండీల వైపు చూస్తుంది.

అలాగని ముడత చూడగానే పీకెయ్యకండి. ఆకు దోనెలా అయి, కొత్త చిగురు పచ్చగానే ఉంటే అది తిండి దెబ్బే. కుళాయికి పైపు పెట్టి ఆకుల అడుగున గట్టిగా నీళ్ళు కొట్టండి, రెండు మూడు రోజులకొకసారి, పొద్దున్నే. వేపనూనె వాడండి, డబ్బా మీద ఎంత కలపమని ఉందో అంతే, ఇంకో చెంచా వద్దు, చిగురు మాడుతుంది. కొత్తగా వచ్చే ఆకులు బాగుంటే మొక్క దక్కినట్టు. చిగురు నల్లబడి మాడినా, ఆకు మీద, కాయ మీద గుండ్రాలు వచ్చినా ఇక చూడనక్కర్లేదు. ముందు మొక్క మీద పెద్ద కవరు బోర్లించండి. ఊరికే పీకితే రెక్కలున్నవన్నీ ఎగిరి పక్క కుండీల్లో పడతాయి. కవరు బోర్లించి, మూతి బిగించి, అప్పుడు కోసి, ఆ కవరు రెండు రోజులు ఎండలో పడేయండి. కంపోస్టు డ్రమ్ములో వేస్తామనే వాళ్ళుంటారు, దయచేసి వద్దు. ఆ కుండీ పై మట్టి కూడా తీసి ఎండబెట్టండి, రెక్కలు రావాల్సినవి అందులో పడుకుని ఉంటాయి.

నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి. పసుపు అట్టలు తెల్లదోమకు, పేనుబంకకు. త్రిప్స్‌కు నీలం. అట్ట పెడితే పురుగులన్నీ అయిపోతాయని కాదు, అవి వచ్చాయని మీకు ముందే తెలుస్తుంది. మొక్క కొసకు కాస్త పైన వేలాడదీయాలి, మొక్క పెరిగేకొద్దీ అట్టా పైకి జరపాలి. దేవుడి పటంలా గోడకు కొట్టి వదిలేస్తే లాభం లేదు.

చేను ఉన్నవాళ్ళు ఒకరిద్దరు వచ్చినట్టున్నారు. మీరు మందు కొట్టక తప్పదు, తెలుసు. ఒకే మందు వరసగా కొట్టకండి. పైరిత్రాయిడ్ల జోలికి పోకండి. గుంటూరు పక్కన వ్యవసాయ పరిశోధన కేంద్రం, లాం ఫారం, దగ్గరే ఉంది కదండీ, ఫోనులో ఫోటో పంపేకంటే మొక్క పట్టుకుని ఒకసారి వెళ్ళి చూపించండి.

ప్రశ్నలా? అడగండమ్మా. ఏమిటీ, మీ టమాటా తెచ్చారా చూపించడానికి? ఆ సంచిలోనా? పొద్దుట్నుంచీ ఇక్కడే ఉందా? ఉండండి ఉండండి, బయటికి తీయకండి. కవరుండగానే పై నుంచి చూపించండి... చిగురు చూడండి, ఇత్తడి. కాయ ఉందా? ఆఁ, గుండ్రం ఉంది. అమ్మా, మీరు ఏమీ అనుకోకండి, ముందు ఆ మూతికి ముడి వెయ్యండి. ఎవరైనా దారం ఇవ్వండి.

ఆ వెనక బల్ల మీద అందరూ మార్చుకోవడానికి తెచ్చిన నారు, కొమ్మలు ఉన్నాయి కదా? ఈ అమ్మగారి సంచికి ఎంత దూరంలో ఉన్నాయవి? నాలుగడుగులేనా! భోజనాలు పది నిమిషాలు ఆగుతాయి. అందరూ తలా ఒక తెల్ల కాగితం తీసుకుని ఆ బల్ల దగ్గరికి రండి, ఒక్కో మొక్కనూ తట్టి చూశాకే ఇళ్ళకు పట్టుకెళ్దాం.